హువానకత్లాన్‌లో నది వెంట

మెక్సికోలో ఉండొచ్చానని చెప్పగానే ఎవరైనా అడిగేవి రెండే ప్రశ్నలు. తిండికి ఇబ్బంది పడ్డావా? అక్కడ కాల్పులూ గొడవలూ నిజమేనా? నది గురించి ఇంతవరకు ఎవరూ అడగలేదు. అందుకే నేనే చెప్పుకుంటున్నా.

2014 జనవరిలో ప్రాజెక్టు పని మీద గ్వాదలహారాలో దిగాను. విమానం కిందికి వస్తుంటే కిటికీలోంచి చపాలా సరస్సు కనిపించింది. మెక్సికోలో అన్నిటికంటే పెద్ద సరస్సు అదే. అంతకుముందు మెక్సికో అంటే నా బుర్రలో ఎడారి, బ్రహ్మజెముడు, పెద్ద టోపీ తప్ప ఇంకేమీ లేదు. అన్ని నీళ్ళు చూసేసరికి వేరే దేశంలో దిగుతున్నామా అనిపించింది. ఆఫీసులో మనవాళ్ళు బాగానే ఉండేవాళ్ళు. బియ్యం దొరికేవి. చింతపండుకైతే లోటే లేదు, అక్కడివాళ్ళు దాంతో షర్బత్ చేసుకుని గ్లాసులకు గ్లాసులు తాగుతారు. కాబట్టి మొదటి ప్రశ్నకు జవాబు అయిపోయింది.

నదిని మొదట పైనుంచి చూశాను. గ్వాదలహారా ఉత్తరపు అంచున హువెంతితాన్ అనే లోయ ఉంది. ఊరు అక్కడిదాకా మామూలుగా వచ్చి ఆగిపోతుంది, ఆ తర్వాత నేల సుమారు 600 మీటర్లు కిందికి దిగిపోతుంది. లోయ అడుగున సాంతియాగో నది. ఆదివారం పొద్దున జనం రాళ్ళు పరిచిన బాట మీద కిందిదాకా దిగి మళ్ళీ ఎక్కుతారు. అరవై దాటిన ఆడవాళ్ళు కూడా పరుగున మమ్మల్ని దాటేసి పోతుంటే, మేం నలుగురు కుర్రాళ్ళం మోకాళ్ళు పట్టుకుని పక్కకి తప్పుకునేవాళ్ళం. పైనుంచి చూస్తే నది సన్నగా మెరుస్తూ కొండల మధ్య మెలికలు తిరిగి పోతుంటుంది. అడుగుకి చేరుతుంటే గాలి మారింది. కుళ్ళిన గుడ్డు వాసన. నాతో ఉన్న విజయవాడ కుర్రాడు ఎక్కడో గ్యాస్ లీకవుతోంది అన్నాడు. నాకు ఆ అనుమానమే రాలేదు. మాది వలిగొండ దగ్గర మూసీ ఒడ్డు ఊరు. హైదరాబాద్ వదిలిన నీళ్ళు మా కత్వ (నదికి అడ్డంగా కట్టిన చిన్న ఆనకట్ట) మీద నురగ కక్కుతూ దూకడం చూస్తూ పెరిగినవాణ్ణి. అది ఏ వాసనో నాకు ఒకళ్ళు చెప్పనక్కర్లేదు.

ఆ తర్వాత కొన్ని వారాలకి, ఆదివారం పాత వస్తువుల తియాంగిస్‌లో తిరుగుతున్నాను. తియాంగిస్ అంటే మన అంగడే, టెంట్లు వేసుకుని నేల మీద అన్నీ పరిచేస్తారు. స్టాంపులమ్మే ఒకాయన ఆల్బమ్ తిప్పి చూపిస్తుంటే ఒక బొమ్మ దగ్గర ఆగాను. 1899లో వేసిన 50 సెంతావోల స్టాంపు. ఊదా రంగు చట్రం, మధ్యలో నల్లగా ఒక జలపాతం. గీతలు ఎంత సన్నగా ఉన్నాయంటే నీటి ధారలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. ధర విని కొనే ధైర్యం చేయలేదు, ఫోన్లో ఫోటో తీసుకున్నా. మర్నాడు ఆఫీసులో చూపిస్తే మా టీమ్‌లో ఒకావిడ ఫోన్ లాక్కుని, 'ఇది మా ఊరు!' అంది. గ్వాదలహారా నుంచి ఆగ్నేయంగా ముప్పై కిలోమీటర్లుంటుంది. నదికి ఇవతల ఎల్ సాల్తో, అవతల హువానకత్లాన్, మధ్యలో ఆ జలపాతం. ఒకప్పుడు దాన్ని మెక్సికో నయాగరా అనేవాళ్ళట. ఇప్పుడెలా ఉంది అని అడిగాను. 'వచ్చి చూడు. గుడ్ ఫ్రైడేకి రా, మా అమ్మ వంట తిందువు గానీ' అంది.

గుడ్ ఫ్రైడే రోజు బస్సెక్కి పోయాను. ఎయిర్‌పోర్టు దాటాక రోడ్డుకి రెండు వైపులా ఫ్యాక్టరీల గోడలు, గోదాములు, మధ్యమధ్యలో కోత కోసేసిన మొక్కజొన్న చేలు. ఏప్రిల్ కదా, అక్కడ వానలు జూన్‌కి గానీ మొదలుకావు, నేలంతా ఎండుగడ్డి రంగులో ఉంది. బస్టాపులో ఆవిడతో పాటు వాళ్ళ నాన్నగారు కూడా నిలబడి ఉన్నారు. డెబ్బై ఏళ్ళుంటాయి. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, గడ్డి టోపీ. నన్ను చూడగానే 'ఇంహే' అని చెయ్యి కలిపారు. అక్కడ ఇంజినీరు చదివిన ప్రతివాణ్ణీ అలాగే పిలుస్తారు, పేరుతో పన్లేదు. కాసేపయ్యాక 'మీహో' అనడం మొదలుపెట్టారు, అంటే బాబూ అన్నట్టు. నా స్పానిష్ అంతంత మాత్రం. అర్థం కాని చోట కూతురు అందుకునేది.

ముందు వంతెన మీదికి తీసుకెళ్ళారు. రెండు ఊళ్ళనీ కలిపే పాత రాతి వంతెన, జలపాతానికి కాస్త ఎగువన. అటుపక్కకి వంగి చూస్తే నది విశాలంగా, నిదానంగా వస్తోంది. ఒడ్డున విల్లో చెట్లు కొమ్మలు నీళ్ళలోకి వాల్చి ఉన్నాయి. గుర్రపుడెక్క గుంపులు గుంపులుగా, వాటి మీద ఊదా పూలు. తెల్ల కొంగలు. దూరంగా కొండలు. చూసినవాళ్ళు ఎవరైనా ఇక్కడో ఇల్లు కట్టుకుంటే బాగుండు అనుకుంటారు. ఇటు తిరిగితే జలపాతం. సుమారు 20 మీటర్ల ఎత్తు, 100 మీటర్లకు పైగా వెడల్పు, అర్ధచంద్రాకారంలో నల్లరాతి గోడ. ఎండాకాలం కాబట్టి గోడంతా నీళ్ళు లేవు, నాలుగైదు పాయలు మాత్రం జారుతున్నాయి. కింద మడుగులో నీళ్ళు నల్లగా, వాటి మీద పసుపు కలిసిన నురగ పెద్దపెద్ద తెట్టెలుగా తిరుగుతోంది. వాసన గొంతులో గీరుకుంది. నేను చేతిరుమాలు తీయబోయి ఆగాను. ఆ ఇద్దరూ ముక్కు మూసుకోలేదు, నేను మూసుకుంటే బాగుండదు.

ఒడ్డు వెంట ఎడమవైపు బాట మీద నడుస్తూ ఆయన చెప్పిన నది వేరు. ఇదిగో ఈ రాయి మీంచి దూకేవాళ్ళం. అక్కడ మెట్లుండేవి, ఆడవాళ్ళు బట్టలుతికేవాళ్ళు, మేము ఎక్కువ అల్లరి చేస్తే తడిబట్టతో కొట్టేవాళ్ళు. పండగలకి గ్వాదలహారా నుంచి రైల్లో జనం దిగేవాళ్ళు, బుట్టల్లో తిండి, వెంట గిటార్లు. అదిగో ఆ మామిడి చెట్టు కింద వాటాలేసుకునేవాళ్ళం చేపలు. బాగ్రే (మన జెల్లల జాతి), కార్ప్, ఇంకా చిన్నచిన్న చరాలెస్. ఏ చేప ఏ వేళకి ఏ రాతి సందులో ఉంటుందో ఆయన చేత్తో చూపిస్తూ చెప్పుకుపోతుంటే నేను ఆ నల్లనీళ్ళకేసి చూసి తలూపుతున్నాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పర్యావరణం అన్న మాట ఆయన నోట ఒక్కసారి కూడా రాలేదు. ఆయన దిగులంతా చేపల గురించి, దూకే రాయి గురించి.

జలపాతం పక్కన పాడుబడ్డ కట్టడం ఒకటి ఉంది. కరెంటు పుట్టిన చోటు. 1893లో ఈ నీటితో కరెంటు తీసి గ్వాదలహారా వీధి దీపాలు వెలిగించారు, మెక్సికోలో జలవిద్యుత్తుకి అది తొలి అడుగుల్లో ఒకటి. మూడేళ్ళకి, 1896లో, ఆ నీటి బలం చూసుకునే రియో గ్రాందే బట్టల మిల్లు పెట్టారు. మిల్లు చుట్టూ కార్మికుల ఇళ్ళు, ఆ ఇళ్ళే ఎల్ సాల్తో ఊరు. ఈయన పదిహేనో ఏట ఆ మిల్లులో నూలు సెక్షన్లో చేరారట. 'మిల్లు రంగునీళ్ళు వదిలేది కదా?' అని అడిగాను, మా వైపు అద్దకాల సంగతి తెలుసు కాబట్టి. ఒప్పుకున్నారు. 'వదిలేది. ఏ రంగు అద్దితే కాసేపు ఆ రంగు. కానీ కొంత దూరం పోయేసరికి నది మింగేసేది. తర్వాత వచ్చినవాళ్ళు మింగలేనంత పోశారు.'

తర్వాత వచ్చినవాళ్ళంటే 1960, 70ల నుంచి ఓకోత్లాన్‌కీ ఎల్ సాల్తోకీ మధ్య వరసగా వెలిసిన పరిశ్రమలు. రసాయనాలు, లోహాలు, ఎలక్ట్రానిక్స్, ఆహార పదార్థాలు, అన్నీ. ఆ పైన గ్వాదలహారా నగరపు మురుగు. నది చపాలా సరస్సు నుంచి ఓకోత్లాన్ దగ్గర బయలుదేరుతుంది. బయలుదేరిన చోటే సూలా నది దాంట్లో కలుస్తుంది, తెకీలా బట్టీల కడుగునీళ్ళు మోసుకుని. అక్కణ్ణుంచి పందుల ఫారాలు, ఫ్యాక్టరీలు. ఎల్ సాల్తో దగ్గరికొచ్చేసరికి నగరపు మురుగు మోసుకుని ఎల్ అవోగాదో కాలువ. నీళ్ళలో వెయ్యికి పైగా రసాయనాలు తేలాయని ప్రభుత్వ జల సాంకేతిక సంస్థ పరీక్షల్లోనే బయటపడింది. మురుగుతో వచ్చే సబ్బు నీళ్ళు 20 మీటర్ల మీంచి రాళ్ళ మీద పడితే ఏమవుతుంది? బకెట్‌లో సర్ఫ్ వేసి చెయ్యి పెట్టి గిలక్కొట్టినట్టే.

కాలువ దగ్గర ఆయన ఆగలేదు, టోపీ సర్దుకుని ముందుకి నడిచారు. కూతురు చెప్పింది. 2008 జనవరిలో ఎనిమిదేళ్ళ పిల్లాడు ఆడుకుంటూ ఆ కాలువలో పడ్డాడు. బయటికి తీశారు, బతికాడనే అనుకున్నారు. రెండ్రోజులకే వాంతులు, జ్వరం, కోమా. మూడు వారాలు తిరక్కుండా చనిపోయాడు. పరీక్షల్లో ఆర్సెనిక్ బయటపడింది. ఊరు ఊరంతా రోడ్డు మీదికొచ్చింది. మర్నాటి ఏడు, ఆ ఊళ్ళున్న హాలిస్కో రాష్ట్ర మానవ హక్కుల సంఘం నది మీద ప్రభుత్వానికి పెద్ద సిఫార్సు పంపింది. 2012లో ఎల్ అవోగాదోలో మురుగు శుద్ధి ప్లాంటు మొదలైంది. ఇళ్ళ మురుగు సంగతి అది చూసుకుంటుందేమో గానీ ఫ్యాక్టరీల లోహాల సంగతి దాని వల్ల కాదని ఊళ్ళోవాళ్ళ వాదన. నేను చూసింది ప్లాంటు వచ్చిన రెండేళ్ళకి. నురగ మాత్రం అక్కడే ఉంది.

బాట పక్కన ఒక చెట్టు దగ్గర నేను ఆగిపోయాను. కొమ్మల్లో గులాబీ రంగు తిరిగిన కాయలు చుట్టలు చుట్టుకుని వేలాడుతున్నాయి, కొన్ని పగిలి లోపల తెల్ల గుజ్జు, నల్ల గింజలు. సీమచింత! బడి ఎగ్గొట్టి కోసుకు తిన్న చెట్టు, ఈ దేశంలో, ఈ నది ఒడ్డున. ఆయన దాన్ని గ్వామూచిల్ అన్నారు. మా ఊళ్ళోనూ ఉంది అంటే ఆయన నవ్వారు గానీ నమ్మలేదు. ఈ చెట్టు పుట్టిల్లు ఇక్కడేననీ, స్పెయిన్ వాళ్ళ ఓడలెక్కి ఫిలిప్పీన్స్ మీదుగా మన దాకా వచ్చిందనీ నాకూ తర్వాతే తెలిసింది. కాయ కోద్దామని చెయ్యి చాపితే ఆయన గబుక్కున పట్టుకున్నారు. 'ఇది వద్దు మీహో. దీని వేళ్ళు నీళ్ళలో ఉన్నాయి.' గట్టెక్కి, మరో వంద అడుగులు పైకి నడిపించి, అక్కడున్న చెట్టు కొమ్మని కర్రతో వంచి పట్టుకున్నారు. కోసి తిన్నాం. అదే వగరు, అదే తీపి, గొంతులో అదే పొడి. ఒడ్డు చెట్టు కాయలు రాలి కింద ఎర్రగా పరుచుకుని ఉన్నాయి, చీమలు తప్ప ఎవరూ ముట్టినట్టు లేదు.

ఇంటికెళ్ళేసరికి వాళ్ళమ్మగారు వంట ముగించి ఎదురుచూస్తున్నారు. గుడ్ ఫ్రైడే కాబట్టి మాంసం లేదు. వేయించిన చేప, రొయ్యల వడలు, నోపాలెస్ అని జెముడు ఆకుల కూర, చివర్లో కాపిరోతాదా. అది రొట్టెముక్కల్ని బెల్లం పాకంలో నానేసి పల్లీలు, ఎండుద్రాక్ష, చీజ్ వేసి చేస్తారు. చీజూ బెల్లమూ కలిపితే ఎట్లా ఉంటుందో అని భయపడ్డాను గానీ రెండోసారి అడిగి వేయించుకున్నా. పెద్దాయన చేపని ఫోర్కుతో అటూ ఇటూ తిప్పుతూ, ఇది సముద్రం చేప, గ్వాదలహారా మార్కెట్లో కొన్నది, ఉప్పు తప్ప దీంట్లో ఏముంది అని సణుగుతూనే ఉన్నారు. ఆవిడ పట్టించుకోలేదు. ఆ సణుగుడు ఏటేటా ఉంటుందట.

భోజనాలయ్యాక ఆవిడ నా మెడలో వెండి గొలుసు చూసి, లోపలికెళ్ళి ప్లాస్టిక్ డబ్బా ఒకటి తెచ్చారు. మూడు పొరల ప్లాస్టిక్ కవర్లు విప్పితే వెండి కమ్మలు, పెళ్ళినాటివి. బయట పెడితే కొన్ని వారాల్లో నల్లబడిపోతాయట. నీళ్ళలోంచి లేచే గంధకపు గాలి వెండిని పట్టుకుంటుంది. తోముతారు, మళ్ళీ నల్లబడతాయి. చివరికి విసుగొచ్చి చుట్టి పెట్టేశారు. పెళ్ళిళ్ళకి ఊరు దాటాక బస్సులో పెట్టుకుంటానన్నారు. ఎన్నో రిపోర్టులు చదివాను తర్వాత, గుర్తున్నది మాత్రం ఆ డబ్బా.

మళ్ళీ సెప్టెంబర్లో, వాళ్ళ స్వాతంత్ర్య దినం సెలవులకి వెళ్ళాను. వానలు బాగా పడ్డాయి. చుట్టూ కొండలన్నీ పచ్చగా, మొక్కజొన్న మనిషెత్తు. వంతెన దగ్గరికి రాకముందే చప్పుడు వినిపించింది. రాతి గోడ ఈ చివర నుంచి ఆ చివరదాకా నీళ్ళే. స్టాంపు మీద బొమ్మ ఇదే. ఏప్రిల్లో పాయలు చూసి ఇదేం నయాగరా అనుకున్న నేను నోరు తెరుచుకుని నిలబడ్డాను. తుంపర వంతెన దాకా వచ్చి మొహం మీద పడుతుంటే ఒక్క క్షణం హాయిగా అనిపించి, మరుక్షణం పెదాలు తుడుచుకున్నా. పక్కనున్నవాళ్ళూ అంతే, అందరూ చేతులతో మొహాలు తుడుచుకుంటూ చూస్తున్నారు. కింద నురగ మనిషెత్తున లేచి దిబ్బలు కట్టింది. గాలి వీచినప్పుడల్లా ముక్కలు ముక్కలుగా ఊడి ఎగిరి చెట్ల మీదా ఇళ్ళ పైకప్పుల మీదా పడుతోంది. నీళ్ళు ఎక్కువైతే మురికి పలచబడి మంచి జరుగుతుందనుకుంటాం. నురగకి ఆ లెక్క లేదు, నీళ్ళు ఎంత దూకితే అది అంత పొంగుతుంది. ఈ నది అన్నిటికన్నా అందంగా ఉండేదీ నురగ ఎక్కువగా ఎగిరేదీ ఒకే నెలల్లో.

వేరే ఊరినుంచి వచ్చిన కుటుంబం ఒకటి జలపాతం ముందు ఫోటో దిగుతోంది. చిన్నపిల్ల రెండు చేతులతో ముక్కు మూసుకుంది. వాళ్ళమ్మ ఆ చేతులు కిందికి లాగేది, ఫోటో తీసేలోపు అవి మళ్ళీ పైకి. ఇలా మూడు నాలుగు సార్లయ్యాక నాన్న విసుక్కుని అలాగే తీసేశాడు. నాకైతే ఆ ఫోటోనే నిజమైంది అనిపించింది. నేను తీసినవి మా ఇంటి వాట్సాప్ గ్రూపులో పెడితే మా పిన్ని 'అబ్బ, ఎంత బాగుందో, మంచు పడిందా నాన్నా?' అని రాసింది. ఏం జవాబివ్వాలో తెలీక ఒక నవ్వు బొమ్మ పెట్టి ఊరుకున్నా. ఫోటోకి వాసన రాదు కదా.

పెద్దాయన ఆరోజు ఊరి యువకుల సంఘం సంగతి చెప్పారు. ఉన్ సాల్తో దే వీదా అని. బయటినుంచి వచ్చిన విద్యార్థులనీ జర్నలిస్టులనీ నది వెంట తిప్పి ఏ గొట్టం ఎక్కడుందో చూపిస్తారు, దానికి భయానక యాత్ర అని పేరు పెట్టుకున్నారు. ఇంకోపక్క నర్సరీ పెట్టి ఆ ప్రాంతపు చెట్లు పెంచుతారు. ఈయనకి ఆ యాత్ర నచ్చదు. 'మా ఊరికి వచ్చేది భయపడటానికా?' అని. మొక్కలు మాత్రం తెచ్చి పెరట్లో నాటారు. నాకు రెండూ సబబే అనిపించాయి. బయటివాడికి గొట్టం చూపించకపోతే వాడు నా పిన్నిలాగే మంచు అనుకుంటాడు.

2015లో వెనక్కి వచ్చేశాను. ఆవిడతో అప్పుడప్పుడూ మెసేజ్‌లు నడిచేవి. 2020 ఫిబ్రవరిలో ఒక వార్త పంపింది. అమెరికా ఖండాల మానవ హక్కుల కమిషన్ ఈ నది ఒడ్డు ఊళ్ళవాళ్ళ ఆరోగ్యాన్నీ ప్రాణాలనీ కాపాడేందుకు వెంటనే చర్యలు తీసుకోవాలని మెక్సికో ప్రభుత్వాన్ని కోరింది. నాన్న ఏమన్నారు అని అడిగితే, 'పేపర్ కోసి దాచుకున్నాడు, అంతకన్నా ఏమీ అనలేదు' అంది.

ఆ వెంటనే కరోనా. వర్క్ ఫ్రమ్ హోమ్ అని నేను ఊరికి చేరాను. వానాకాలంలో ఒక సాయంత్రం ఆవిడ వీడియో కాల్ చేసింది, అక్కడ పొద్దున. పక్కనే పెద్దాయన. మీ నది చూపించు అన్నారు. నేనూ మా నాయనా బండి మీద కత్వ దగ్గరికి పోయాం. కత్వ దూకుతోంది, కింద నురగ. ఫోన్ అటు తిప్పి పట్టుకున్నా. ఆయన స్క్రీన్‌కి మొహం దగ్గరగా పెట్టి చాలాసేపు చూసి, 'మీకూ గాలికి ఎగురుతుందా?' అని అడిగారు. ఎగురుతుంది, రోడ్డు మీద పడితే బండ్లు జారతాయి అని చెప్పా. తర్వాత సీమచింత చెట్టు చూపించా. ఆరేళ్ళ తర్వాత నమ్మారు.

ఇంతలో నాయన ఫోన్ తీసుకున్నాడు. నాయనకి స్పానిష్ రాదు, పెద్దాయనకి తెలుగు రాదు, మధ్యలో నేనూ ఆవిడా. మాటలు తిరిగి తిరిగి చేపల మీదికే పోయాయి. వాళ్ళ బాగ్రే ఎంత రుచో పెద్దాయన చెబుతుంటే నాయన చెయ్యి అడ్డంగా ఊపి, 'మా కొర్రమట్ట ముందట అదెంత? ముల్లు తక్వ, కండ ఎక్వ. మూసీల గింతింత ఉండేటియి' అని మోచెయ్యి దాకా చూపించాడు. అటునుంచి ఆయన రెండు చేతులూ బార్లా చాచారు. ఆవిడ నవ్వాపుకోలేక అనువాదం మానేసింది. నాయన కాసేపు ఆలోచించి, 'తలకాయ తింటరా, పారేస్తరా అడుగు' అన్నాడు. అడిగాను. పారెయ్యడమేంటి, పులుసుకి అదే అసలు అన్నారాయన. నాయనకి చెప్పా. 'గట్లయితే సరే' అని ఫోన్ నా చేతిలో పెట్టి, బర్రెలను తోలుకురావడానికి పోయాడు.